కుక్కపిల్లకు చోటు నేర్పడం

ఆరోగ్యం గురించి రాసే శీర్షికలో కుక్కపిల్ల గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్ళలో, బి.పి. గురించి, షుగరు గురించి అడగడం పూర్తయ్యాక, లేవబోతూ లేవబోతూ, కాస్త మొహమాటంగా, "డాక్టరుగారూ, ఇంకొక్క మాట. మావాడు కుక్కపిల్లను తెచ్చాడండీ. ఇల్లంతా పాడుచేస్తోంది. ఇంట్లో పాకే పిల్ల వుంది. ఫరవాలేదంటారా?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వినడానికి ఒక ప్రశ్నే కాని, ఇందులో రెండున్నాయి. ఆ అశుద్ధం వల్ల పసిపిల్లకు జబ్బు చేస్తుందా అన్నది ఒకటి. ఆ కుక్కపిల్లకు చోటు ఎలా నేర్పడం అన్నది రెండోది. మొదటిదానికి మందు రెండోదానిలోనే వుంది. అందుకే ఈ వారం దీన్ని గురించే రాస్తున్నాను.

ముందు భయాల సంగతి చూద్దాం. చాలామంది మూత్రాన్ని చూసి హడలిపోతారు. మలాన్ని మాత్రం ముక్కు మూసుకుని, కాగితంతో తీసేసి, అంతటితో ఊరుకుంటారు. వైద్యుడిగా నేను చెప్పేది దీనికి తలకిందులు. ఆరోగ్యంగా వుండి, టీకాలు పడుతున్న కుక్కపిల్ల మూత్రం అసహ్యమేగాని అంత ప్రమాదం కాదు. పిల్ల చెయ్యి తగిలితే సబ్బుతో కడగండి, చాలు. మూత్రం ద్వారా వచ్చేవాటిలో పట్టించుకోవలసింది లెప్టోస్పైరోసిస్, మనవాళ్ళు ఎలుకజ్వరం అనేది. వానాకాలంలో ఎలుకలు తిరిగే మురుగునీళ్ళ వల్ల అది కుక్కలకు సోకుతుంది. వాటి నుంచి మనకూ రావచ్చు. దానికి కుక్కలకు టీకా వుంది, వేయించాలి.

మలం సంగతి వేరు. కుక్కపిల్లల కడుపులో పురుగులుండడం చాలా మామూలు. మన ఏలికపాముకు దగ్గరి చుట్టమైన టాక్సోకారా అనే పురుగు, తల్లి కడుపులో వుండగానే పిల్లకు వచ్చేస్తుంది. దాని గుడ్లు మలంతో పడతాయి. ముదిరిన గుడ్లు పసివాళ్ళ నోట్లోకి పోతే, వాటిలోంచి వచ్చిన కంటికి కనిపించని పిల్లపురుగులు పేగు గోడను దాటి కాలేయంలోకి, ఊపిరితిత్తుల్లోకి, ఒక్కొక్కసారి కంట్లోకి కూడా పోతాయి. కంట్లో చేరితే చూపు దెబ్బతింటుంది. అమెరికాలో బీవర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1952లో ముగ్గురు పిల్లల్లో ఈ జబ్బును గుర్తించి వివరించారు.

అయితే మనకు కలిసివచ్చే సంగతి ఒకటుంది. అప్పుడే పడిన మలంలోని గుడ్లు అంటుకోవు. అవి ముదరడానికి మన ఎండల్లోనైనా రమారమి 10, 15 రోజులు పడుతుంది. కనక ఏ పూటది ఆ పూట తీసి పారేసే ఇంట్లో భయం బాగా తగ్గిపోతుంది. సోఫా వెనకో, మంచం కిందో, పూలకుండీలోనో ఎవరి కంటా పడకుండా వుండిపోయిందే, అదీ ప్రమాదం. కొంకిపురుగులు ఇంకా తొందరపడతాయి. వారం తిరిగేలోపలే తడిమట్టిలో పిల్లలై, చెప్పులు లేని కాలి చర్మంలోంచి దూరిపోతాయి. పాదం మీద వంకరటింకరగా, రోజురోజుకూ కొంచెం కొంచెం జరిగే ఎర్రటి దురదగీతతో నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. తామర అనుకుని ఏవేవో పూతలు పూసుకుని మరీ వస్తారు.

అంటే కుక్కపిల్ల ఇంట్లో దొడ్డికి కూర్చోవడం కంటె, మనకు కనపడకుండా కూర్చోవడం ఎక్కువ చెడ్డదన్నమాట. మరి మనకు కనపడకుండా ఎందుకు కూర్చుంటుంది? మనం కొట్టడం వల్ల! ఈ ముడి విప్పితే తక్కినదంతా సులువు. మా ఇంట్లో జరిగింది చెబితే ఇది బాగా అర్థమవుతుంది.

మేముండేది విజయవాడలో, మూడో అంతస్తులో. మా అమ్మ, నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, పన్నెండేళ్ళ మనవడు, అప్పటికి 10 నెలల మనవరాలు. పక్కన కడుతున్న ఇంటి ముందు పోసిన ఇసక కుప్ప మీద ఒక వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. కొన్నాళ్ళకు ఆ తల్లి లారీ కింద పడి చచ్చిపోయింది. మూడు పిల్లల్ని ఎవరో పట్టుకుపోయారు. మిగిలిన ఒక్కదాన్ని మా మనవడు స్కూలు సంచిలో పెట్టుకుని పైకి తెచ్చేశాడు. పిల్లికంటె చిన్నగా వున్న దానికి టైగర్ అని పేరు కూడా పెట్టేశాడు. పశువుల డాక్టరుగారు పళ్ళు చూసి రెండు నెలలుంటాయన్నారు.

దాన్ని సంచిలోంచి తీసేటప్పుడే మనవడి వేలిమీద పన్ను గీసుకుంది. ఊరూ పేరూ తెలియని కుక్క పిల్ల. ఆలోచించే పని లేదు. వెంటనే సబ్బు రాసి ధారగా నీళ్ళు వదులుతూ 15 నిమిషాలు కడిగించి, అదేరోజు రేబిస్ టీకాలు మొదలుపెట్టించాను. "చిన్నపిల్లే కదా, పాలపళ్ళే కదా" అని ఊరుకోకూడదు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లని పెద్దవాళ్ళు ఇప్పటికీ భయపెడుతుంటారు. ఆ పాత మందును మనదేశంలో 2005 నాటికే మానేశారు. ఇప్పటివి జబ్బకు వేసే నాలుగైదు ఇంజెక్షన్లు, అంతే.

మా కోడలికి కుక్కలంటే ద్వేషం లేదు. కాని నేలంతా పాకుతూ, దొరికినదల్లా నోట్లో పెట్టుకునే పిల్ల తల్లి ఆమె. మూడో రోజు రాత్రి మనవరాలు హాల్లో ఒక మడుగులో కూర్చుని చేతులతో తపతపలాడిస్తూ కనిపించింది. కోడలు పిల్లను ఎత్తుకుని స్నానం చేయించి తీసుకొచ్చి, నా ఎదురుగా నిలబడి, "మావయ్యగారూ, మీరు డాక్టరు కదా, మీరే చెప్పండి. పసిపిల్ల ముఖ్యమా, కుక్కపిల్ల ముఖ్యమా?" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. మర్నాడు ఈ మాట విన్న వాచ్‌మన్, "నాకివ్వండమ్మా, రైతుబజారు దగ్గర వదిలేస్తాను. చెత్త తిని బతికేస్తది" అన్నాడు. మనవడు ఆ పూట అన్నం ముట్టలేదు.

రెండు నెలల పిల్లను బజారులో వదిలితే బతకదు. పైగా పెంచుకున్న జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అలాగని ఆ తల్లి భయాన్ని నేను కొట్టిపారెయ్యలేను. "పది రోజులు గడువియ్యమ్మా. ఈలోగా చోటు తెలుసుకోకపోతే, మంచి ఇల్లు చూసి నేనే ఇచ్చేస్తాను" అన్నాను. ఆమె ఒప్పుకుంది. మనవరాలికి ఒక గదిలో బొంత పరిచి, గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టాం. కుక్కపిల్ల ఆ గదిలోకి పోకూడదు.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న వస్తుంది. చోటు నేర్పేది ఇంట్లోనా, బయటా? మా అబ్బాయి మొదటిరోజే గొలుసు కట్టి వీధిలోకి తీసుకుపోతానన్నాడు. పశువుల డాక్టరుగారు వద్దన్నారు. కారణం పార్వో. ఈ వైరస్ కుక్కల్లో 1978లో బయటపడి, రెండేళ్ళలో ప్రపంచమంతా పాకింది. కుక్కపిల్లలకు వాంతులు, రక్తవిరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లోనే ప్రాణం తీసేస్తుంది. జబ్బు కుక్క మలం ఎండిపోయి కనపడకుండా పోయినా, వైరస్ ఆ మట్టిలో నెలల తరబడి బతికే వుంటుంది. దీనికి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వెయ్యాలి. ఒక్క టీకాతో అయిపోయిందనుకుంటే పొరపాటు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణే మొదట్లో టీకాను పని చెయ్యనివ్వదు. అది ఎప్పుడు తగ్గిపోతుందో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క రకం. అందుకే అన్నిసార్లు.

కాబట్టి ఊళ్ళో కుక్కలన్నీ తిరిగే వీధిలోకి 16 వారాలు దాటేదాకా దించకూడదు. అలాగని అప్పటిదాకా నేర్పడం ఆపకూడదు. రెండు నెలలు ఇష్టం వచ్చినచోట పోసుకున్న పిల్ల, ఆ తర్వాత మీరు చెబితే వినదు. సొంత పెరడు, చుట్టూ గోడ, ఇతర కుక్కలు రాని చోటు వున్నవాళ్ళు మొదటిరోజు నుంచే పెరట్లో నేర్పవచ్చు. వాళ్ళు అదృష్టవంతులు. మావంటి అపార్టుమెంటువాళ్ళకు బాల్కనీయే గతి.

మా అబ్బాయి బాల్కనీలో పాత దినపత్రికలు పరిచాడు. కుక్కపిల్ల వాటిని చింపి ఆడుకుంది, వాటి మీద పడుకుంది, తర్వాత లోపలికి వచ్చి హాల్లో పోసింది. కాగితం అలవాటు చెయ్యడం కొందరికి కుదిరే మాట నిజమే. దానిలో ఒక చిక్కుంది, ముందే తెలుసుకోవడం మంచిది. కుక్కపిల్ల నేర్చుకునేది "బాల్కనీ" అని కాదు, "కాలికింద కాగితం" అని. రేపు మీరు చదువుతూ చదువుతూ కింద పెట్టిన పత్రిక కూడా దానికి కాగితమే. ఈ వారపత్రిక చేతిలో వున్నవాళ్ళు గమనించగలరు.

మూడు రోజులుగా పడక్కుర్చీలోంచి ఇదంతా చూస్తున్న మా అమ్మ, "ఒరేయ్ అబ్బాయ్, అది పుట్టింది ఇసకలో. దానికి మీ నాపరాళ్ళూ కాగితాలూ ఏం తెలుస్తాయిరా? ఇసక పెట్టి చూడండి" అంది. ఆవిడకు 83 ఏళ్ళు. కుక్కను ముట్టుకోదు. దేవుడి గది ఛాయలకు రానివ్వదు. కాని అయిదుగురు పిల్లల్ని, పదిమంది మనవల్ని పెంచిన మనిషి.

ఆవిడ అన్నదాంట్లో శాస్త్రం వుంది. కుక్కపిల్లలు పుట్టిన మొదటి మూడు వారాలూ తమంత తాము మూత్రం పొయ్యలేవు. తల్లి నాకితేనే వస్తుంది. ఆ శుభ్రం చేసే పని కూడా తల్లిదే. తర్వాత కాళ్ళు వచ్చాక, పడుకున్నచోటు వదిలి కాస్త దూరం పోయి పోసుకుంటాయి. ఎనిమిది తొమ్మిది వారాలు వచ్చేసరికి కాలికింద ఏది తగిలితే కూర్చోవాలన్న అలవాటు గట్టిపడడం మొదలవుతుంది. గడ్డి మీద పెరిగినదానికి గడ్డి, గచ్చు మీద పెరిగినదానికి గచ్చు. కనక ఇంటికి తెచ్చుకునే రోజునే, ఇచ్చినవాళ్ళను "ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ పోసుకునేది?" అని అడగాలి. దాని జాతేమిటి, తండ్రికి ఎన్ని బహుమతులు వచ్చాయి అన్నవి తర్వాత. కొన్నిచోట్ల పంజరంలాంటి గూడులో పుట్టి, అక్కడే తిని, అక్కడే విసర్జించి పెరిగిన పిల్లల్ని అమ్ముతారు. పడుకున్నచోటు పాడుచెయ్యకూడదన్న సహజబుద్ధి వాటిలో చచ్చిపోయి వుంటుంది. వాటికి నేర్పడం రెట్టింపు కష్టం. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నుంచి నిబంధనలకు విరుద్ధం కూడా.

కొత్త ఇసక ఒక బస్తా తెప్పించి, కడిగి, మేడమీద ఎండబోసి, మొక్కలు పెట్టుకునే వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో నాలుగంగుళాల మందాన పోశాం. పక్కన కుప్పలోంచే తేవచ్చుగా అన్నాడు మనవడు. ఏ కుక్క వచ్చి పోసిన కుప్పో మనకు తెలియదు, పార్వో భయం చెప్పాను కదా. కుక్కపిల్లను ట్రేలో దించాం. ముక్కు ఆనించి ఓ చుట్టు తిరిగింది, కూర్చుంది. అందరం చప్పట్లు కొట్టబోతే అమ్మ, "అరవకండి, బెదురుతుంది" అని కసిరింది.

చోటు కుదిరాక మిగిలింది వేళ. ఇదే అసలు పని. రెండు నెలల పిల్ల మెలకువగా వుండగా రెండు గంటలకు మించి ఆపుకోలేదు. అంత శక్తి దానికి ఇంకా రాలేదు. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలుపుకుని, అన్ని గంటలే హద్దు అనుకోండి. ఆటలో పడితే అదీ వుండదు. నిద్ర లేచిన వెంటనే, తిన్న తర్వాత అయిదు నుంచి 30 నిమిషాలలోపల, గంతులేసి ఆగిన వెంటనే, ఈ మూడు వేళలూ తప్పవు. పొట్టలో ఆహారం పడగానే పెద్దపేగు కదలడం మనకూ వున్నదే. పొద్దున్న కాఫీ తాగగానే లేచి వెళ్ళేవాళ్ళకు నేను వివరించక్కర్లేదు. ఈ వేళల్లో అది వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టకముందే ఎత్తుకుపోయి ట్రేలో దించాలి. నిద్ర లేచిందాన్ని నడిపించుకుపోతే దారిలోనే అయిపోతుంది.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పసిపిల్లల్ని కాళ్ళమీద కూర్చోబెట్టుకుని "ష్ ష్" అంటూ పోయిస్తారు, చూశారా? కొన్నాళ్ళకు ఆ చప్పుడు వింటేనే పిల్లకు వచ్చేస్తుంది. కుక్కల నోట్లో గంట చప్పుడుకే లాలాజలం ఊరించిన పావ్‌లోవ్ సిద్ధాంతమూ ఇదే. ఆయనకు నోబెల్ బహుమతి 1904లో వచ్చింది, అదీ జీర్ణక్రియ మీద చేసిన పనికి. మన అమ్మమ్మలకు బహుమతులేమీ రాలేదు గాని పని మాత్రం జరిగింది. మా అమ్మ పడక్కుర్చీని బాల్కనీ గుమ్మం దగ్గరికి వేయించుకుంది. మనవడు ట్రేలో దించగానే ఇక్కణ్ణుంచి ఆవిడ "ష్" అనేది. అయిదారు రోజులకల్లా ఆ చప్పుడుకు కూర్చోవడం నేర్చింది. పని కాగానే, ఇంకా ట్రేలో వుండగానే, చిన్న ఉడికించిన కోడిమాంసం ముక్క మనవడు నోటికందించేవాడు. లోపలికి వచ్చాక ఇస్తే, లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. రెండు క్షణాలు ఆలస్యమైతే పాఠం మారిపోతుంది. చేసేదాకా ఆడించకూడదు, చేసిన తర్వాత కాసేపు ఆడించాలి. పని కాగానే ఆట ఆపేసి లోపలికి లాక్కొస్తే, మర్నాటి నుంచి ఆలస్యం చెయ్యడం నేర్చుకుంటుంది.

అమ్మ గోడ కాలెండరు మీద పెన్సిలుతో గుర్తులు పెట్టేది. ట్రేలో అయితే చుక్క, బయట అయితే గీత. మొదటిరోజు నాలుగు చుక్కలు, తొమ్మిది గీతలు. ఆ గుర్తుల పక్కనే టైము కూడా వేయించింది. నాలుగో రోజున చూస్తే గీతల్లో ఎక్కువ భాగం సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య పడ్డాయి. మనవడు ట్యూషన్‌లో, కోడలు వంటలో, నేను పేషెంట్ల దగ్గర వుండే వేళ. కుక్కపిల్లకు బుద్ధి లేకపోవడం కాదు, ఆ రెండు గంటలూ దాన్ని చూసేవాళ్ళు లేరు. మా ఆవిడ ఆ వేళ తన మీద వేసుకుంది. ఇక్కడ ఒక మాట. కుక్కపిల్లను పిల్లలు తెస్తారు, మగవాళ్ళు ముద్దు చేస్తారు, ఎత్తిపోసేది మాత్రం ఇంట్లో ఆడవాళ్ళూ పనిమనిషీ. పనిమనిషి చేత కుక్క అశుద్ధం తీయించడం నాకు నచ్చదు. మా ఇంట్లో ఆ పని మనవడిది, వాడు లేనప్పుడు వాళ్ళ నాన్నది.

ఆ నాన్న అయిదో రోజున చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. సోఫా పక్కన పోసిన చోటికి మెడ పట్టి ఈడ్చుకొచ్చి, మూతి దానికి రుద్ది, రెండు తగిలించాడు. మన ఊళ్ళల్లో తరతరాలుగా వస్తున్న వైద్యం ఇదే. ఫలితం ఏమిటో తెలుసా? మర్నాడు గీతలేవీ పడలేదు. అందరూ సంతోషించారు. ఆ మర్నాడు ఫ్రిజ్ వెనకాల నుంచి వాసన వచ్చింది! దానికి తెలిసింది ఒక్కటే, ఈ మనిషి చూస్తుండగా చేస్తే తన్నులు పడతాయని. అందుకని మనిషి చూడని చోటు వెతుక్కుంది. పైన చెప్పిన పురుగుల సంగతి గుర్తుకు తెచ్చుకోండి. ఇంటికి వున్న ప్రమాదాన్ని ఆ చెప్పుదెబ్బ తగ్గించలేదు, కనపడకుండా చేసింది. అంతేకాదు, ఆ తర్వాత రెండు రోజులు మా అబ్బాయి దగ్గర వుంటే ట్రేలో కూడా కూర్చోలేదు.

"తప్పు చేసినట్టు తలొంచుకుంటుందండీ, దానికి తెలుసు" అంటారు. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 14 కుక్కల మీద దీన్ని పరీక్షించింది. యజమాని కోప్పడితే, తప్పు చెయ్యని కుక్క కూడా ఆ ముఖమే పెట్టింది. అది పశ్చాత్తాపం కాదు, మన ముఖం చూసి పుట్టిన భయం. చేస్తుండగా పట్టుకుంటే, చేతులు మెల్లగా చరిచి, ఎత్తి ట్రేలో దించండి. అయిపోయిన తర్వాత చూస్తే గుడ్డ తెచ్చుకుని తుడుచుకోండి, అంతే. మనుషులు రాగానే ఆనందంతోనో, పెద్దగొంతు వినగానో రెండు చుక్కలు రాల్చే పిల్లలుంటాయి. అది అసలు లెక్కలోకే రాదు. వయసు వస్తే పోతుంది. కోప్పడితే ముదురుతుంది.

ఎవరూ చూడలేని వేళల్లో ఏం చెయ్యాలి? ఇల్లంతా తిరగనివ్వకూడదు. పడుకుని, లేచి, చుట్టూ తిరగడానికి సరిపోయేంత చిన్న చోటు చాలు. మడతమంచం అడ్డంపెట్టి ఒక మూల కేటాయించాం. తన పక్క తను తడుపుకోవడం దానికి ఇష్టం వుండదు కనక, కూసింతసేపు ఆపుకోవడం నేర్చుకుంటుంది. కాని గంటల తరబడి పడేస్తే గత్యంతరం లేక అక్కడే చేస్తుంది, ఆ సహజబుద్ధి కాస్తా పోతుంది. గొలుసుతో కట్టెయ్యడం పరిష్కారం కాదు. రాత్రి పది గంటలకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఎత్తుకెళ్ళాలి. రెండు గంటల డ్యూటీ నాది. లైటు వెయ్యకుండా, మాట్లాడకుండా, పని కానిచ్చి పడుకోబెట్టాలి. లేకపోతే అది ఆటల వేళ అనుకుంటుంది. మూడు వారాల తర్వాత ఆ డ్యూటీ అక్కర్లేకపోయింది.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. పళ్ళెం ఎప్పుడూ నిండుగా పెట్టి వుంచకండి. రోజుకు మూడు నాలుగుసార్లు, ఒకే వేళల్లో పెట్టి, 15 నిమిషాలకు తీసెయ్యండి. లోపలికి పోయేది వేళకు పోతే, బయటికి వచ్చేదీ వేళకు వస్తుంది. గేదెపాలు ప్రేమగా పోస్తారు. తల్లిపాలు మరిచిన పిల్లల్లో చాలావాటికి అది అరగదు, నీళ్ళ విరేచనం అవుతుంది. అప్పుడు వేళ, చోటు రెండూ తప్పుతాయి. ఉల్లిపాయలున్న కూరలు, పులుసులు కుక్కలకు విషం. మంచినీళ్ళు మాత్రం ఎప్పుడూ అందుబాటులో వుండాలి. పాడుచేస్తోందని నీళ్ళు మానిపించేవాళ్ళను చూశాను, మన ఎండల్లో అది చాలా దారుణం. నట్టల మందు రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకొకసారి, ఎనిమిది వారాల తర్వాత ఆరో నెల దాకా నెలకొకసారి, పశువుల డాక్టరు చెప్పిన మోతాదులో.

శుభ్రం చెయ్యడంలో మనవాళ్ళకు ఫినాయిల్ మీద వున్న నమ్మకం ఇంతా అంతా కాదు. మన ముక్కుకు ఫినాయిల్ వాసన వస్తే సరిపోతుంది, కుక్క ముక్కుకు కాదు. దాని కింద పాత మూత్రం వాసన తెలుస్తూనే వుంటుంది, ఆ వాసన వచ్చినచోటే మళ్ళీ కూర్చుంటుంది. పార్వో వైరస్‌ను మామూలు ఫినాయిల్ చంపదు కూడా. అమోనియా వున్న ద్రావణాలైతే మరీ అన్యాయం, ఆ వాసన మూత్రాన్నే గుర్తుచేస్తుంది. ముందు గుడ్డతో అద్ది పీల్చి, సబ్బు నీళ్ళతో కడిగి, వీలైతే ఇందుకోసమే అమ్మే ఎంజైము ద్రావణం పొయ్యాలి. జబ్బు కుక్క తిరిగిందని అనుమానం వున్నచోట అయిదారు శాతం బలం గల ద్రవరూప బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా వుంచి కడగాలి. మూత్రం కడగకుండా దానిమీదే బ్లీచ్ పొయ్యకండి. రెండూ కలిసి పుట్టే ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పాకే పిల్లను నేల ఆరాకే దించాలి.

గడువు పదోరోజు రాత్రి కోడలు కాలెండరు ముందు నిలబడి లెక్కపెట్టుకుంది. 11 చుక్కలు, రెండు గీతలు. ఆ గీతలు రెండూ బాల్కనీ గుమ్మం దగ్గరే, అంటే పరుగెత్తి అందుకోలేకపోయినవి. "మామ్మగారూ, ఇంకో వారం చూద్దాం" అంది అమ్మతో. అమ్మ ఏమీ మాట్లాడలేదు. మర్నాటి గడిలో పెన్సిలుతో తారీకు దిద్దుకుంది. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ గడువు మాట ఎత్తలేదు. పూర్తిగా నమ్మకం కుదరడానికి మాత్రం అయిదో నెల దాటింది. పది రోజుల్లో అంతా అయిపోతుందని చెప్పేవాళ్ళను నమ్మకండి. మూడో నెల చివర మూడు రోజులపాటు మళ్ళీ గీతలు పడ్డాయి. చీటికిమాటికి, చుక్కలు చుక్కలుగా పోస్తుండేసరికి డాక్టరుగారికి చూపించాం. మూత్రకోశంలో చీము పట్టింది. మందులతో తగ్గింది. నేర్చుకున్న పిల్ల ఉన్నట్టుండి మరిచిపోయిందంటే ముందు పరీక్ష చేయించాలి, తిట్టడం కాదు.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాం. 16 వారాల టీకా పడ్డాక రెండు వారాలు ఆగి, వీధిలోకి దించాం. అప్పుడు మరో తమాషా జరిగింది. అరగంట తిప్పినా ఒక్క చుక్క పొయ్యలేదు. తిరిగి తెచ్చి గొలుసు విప్పగానే పరుగెత్తుకుపోయి బాల్కనీ ట్రేలో పోసుకుంది! చాలామంది ఇది చూసి, "ఇంట్లో నేర్పితే ఇక బయటికి మారదు" అంటారు. మారుతుంది. ట్రేలోని పాత ఇసక ఒక గుప్పెడు పొట్లం కట్టుకుపోయి, మా సందు చివర కానుగచెట్టు మొదట్లో చల్లాం. నిద్ర లేచిన వెంటనే, ట్రే దగ్గరికి పోనివ్వకుండా, ఎత్తుకుని నేరుగా అక్కడికి తీసుకుపోయాం. మనవడు వంగి "ష్" అన్నాడు. మొదటి రెండు రోజులూ సిగ్గుపడింది. మూడో రోజు పోసింది. మాంసం ముక్క జేబులోనే సిద్ధంగా వుంది. అలా రెండు వారాలు పట్టింది.

వీధిలో చేసినదాన్ని వీధికే వదిలెయ్యకూడదు. ఆ కానుగచెట్టు కింద సాయంత్రంపూట పిల్లలు గోళీలాడతారు, చెప్పుల్లేకుండా. మనవడి జేబులో ఎప్పుడూ రెండు ప్లాస్టిక్ సంచులుంటాయి. సంచిని చేతికి తొడుగులా వేసుకుని, తీసి, తిరగేసి ముడివేసి చెత్తబుట్టలో వెయ్యడం, ఇంటికి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కోవడం వాడి పని. బాల్కనీలో ట్రే మాత్రం తియ్యలేదు. ముసురు పట్టి వీధిలో మోకాలిలోతు నీళ్ళు నిలిచిన రోజుల్లో, ఎలుకజ్వరం భయంతో టైగర్‌ను కిందికి దించం. ఆ రోజుల్లో అమ్మ కుర్చీ మళ్ళీ గుమ్మం దగ్గరికి జరుగుతుంది.